పైకప్పు ఎవరిది? మొదటి ఇల్లు కొనేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సిన సంగతి

మొదటిసారి ఇల్లు కొనేవాళ్లు నన్ను పిలిచేసరికి ఆ ఇల్లు వాళ్లకు నచ్చేసి ఉంటుంది. గోడలు తట్టి, స్లాబు అడుగు చూసి, కుళాయిలు తిప్పి, ఒక రిపోర్టు రాసివ్వడం నా పని. సివిల్ ఇంజనీరుగా సగం జీవితం కట్టించడంలో గడిచింది, మిగతా సగం ఇతరులు కట్టినవాటిని పరీక్షించడంలో గడుస్తోంది. పగుళ్ల గురించి అడుగుతారు, చెమ్మ గురించి అడుగుతారు, "ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుంది మేడం?" అనీ అడుగుతారు. ఫ్లాటు తీసుకోవాలా, విడి ఇల్లా, పక్కింటితో గోడ కలిసిన వరస ఇల్లా, స్థలం కొని కట్టుకోవాలా అని మాత్రం అడగరు. అది అప్పటికే అయిపోయిన నిర్ణయం. తోటి ఉద్యోగులంతా ఫ్లాట్లలో ఉన్నారు కాబట్టి ఫ్లాటు. లేదంటే, సొంతిల్లంటే గేటూ పెరడూ ఉండాలని చిన్నప్పటి నుంచీ మనసులో ఉంది కాబట్టి విడి ఇల్లు. దాని మీద జరిగిన ఆలోచన అంతే.

నేను రిపోర్టులో రాసే లోపాల్లో చాలావాటికి మందు ఉంది. చెమ్మ ఆపొచ్చు, పైపులు మార్చొచ్చు, వైరింగు కొత్తగా వేయించొచ్చు. మీకు సరిపడని రకం ఇల్లు కొన్నారనుకోండి, దానికి మరమ్మతు లేదు. అమ్మి బయటపడాల్సిందే.

అందుకని ఇళ్లు చూడటానికి బయల్దేరకముందే ఒక ప్రశ్న వేసుకోండి. వానాకాలంలో పైకప్పు కారితే దాన్ని ఎవరు బాగుచేయించాలి, డబ్బు ఎవరు పెట్టాలి, ఎప్పుడు చేయించాలో ఎవరు చెప్పాలి? విడి ఇంట్లో మూడింటికీ జవాబు మీరే. ఫ్లాట్లో మూడింటికీ జవాబు 'అందరం'. వరస ఇంట్లో కప్పు మీది, పక్కగోడ మాత్రం ఇద్దరిది. ఇళ్ల రకాల మధ్య అసలు తేడా ఇక్కడుంది. వంటగది ఎంత పెద్దది, బాల్కనీలోంచి ఏం కనబడుతుంది లాంటివి ఒకే రకంలో కూడా ఇంటికో తీరుగా ఉంటాయి.

అందరిదీ అయిన కప్పు

ఫ్లాటు కొన్నప్పుడు తలుపు లోపల ఉన్నది మీదవుతుంది. తలుపు బయట ఉన్నవాటిలో, అంటే స్తంభాలు, స్లాబులు, మెట్లు, లిఫ్టు, నీళ్ల ట్యాంకులు, మురుగు పైపులు, టెర్రస్, కింది నేల, వీటన్నిట్లో సాధారణంగా ఒక వాటా మీకొస్తుంది. ఆ వాటా కాగితాల్లో ఎంతని రాశారో చూసుకోండి. కొనడానికి వచ్చినవాళ్లు తలుపు లోపలే గంటసేపు తిరుగుతారు. టైల్స్ చూస్తారు, అల్మరాలు తెరిచి మూస్తారు. నేను బయట ఎక్కువసేపు ఉంటాను. మీరూ అలాగే చేయండి.

ముందు కింద పార్కింగులోకి వెళ్లి తలెత్తి స్లాబునీ బీములనీ చూడండి. గోధుమరంగు చారలు, ఉబ్బిన ప్లాస్టరు, పెచ్చులూడి కడ్డీ బయటపడ్డ చోట్లు ఉంటే నీళ్లు లోపలికి దిగుతున్నాయని అర్థం. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకన్నా రెండు రెట్లకు పైగా చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలి నుంచే చీలుతుంది. దానిమీద కొత్త రంగు పూస్తే కొన్నాళ్లు కనబడదు, అంతే. బిల్డింగంతా పాత రంగు ఉండి ఒక్క బీముకే కొత్త రంగు ఉంటే నేను అక్కడే నిలబడిపోతాను.

తర్వాత టెర్రస్ ఎక్కండి. నీళ్లు పోయే గొట్టాల దగ్గర నాచు ఉందా, పిట్టగోడ మొదట్లో పగులుందా, ఎవరైనా అక్కడ గదులు లేపారా చూడండి. దిగేటప్పుడు లిఫ్టు వాడకుండా మెట్ల మీదుగా రండి. ప్రతి అంతస్తులో మెట్ల దారి ఖాళీగా ఉందో, చెప్పుల స్టాండ్లూ పాత సోఫాలూ అడ్డం పెట్టారో తెలుస్తుంది. మంట లేచిన రోజు ఆ దారే దిక్కు. పైగా, అక్కడివాళ్లు అందరి చోటుని ఎలా వాడుకుంటారో అంతకన్నా బాగా చెప్పే సాక్ష్యం దొరకదు.

ఇక లెక్కలు. మెయింటెనెన్స్ తక్కువని సంబరపడేవాళ్లను చూస్తే నాకు కంగారుగా ఉంటుంది. లిఫ్టుకి సుమారు 20 నుంచి 25 ఏళ్ల ఆయుష్షు. టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్ దాదాపు పదేళ్లకోసారి, బయటి రంగు 5 నుంచి 8 ఏళ్లకోసారి తప్పవు. ఈ ఖర్చులు వస్తాయా రావా అన్న అనుమానమే లేదు, ఎప్పుడన్నదే తేలాలి. నెలనెలా తక్కువ వసూలు చేసే బిల్డింగు ఆ ఖర్చుని తప్పించుకోలేదు, రేపటికి నెట్టింది. ఆ రేపటికి ఫ్లాటు మీ పేరున ఉంటుంది.

కాబట్టి అసోసియేషన్‌ని గత మూడేళ్ల జమాఖర్చులు అడగండి. పెద్ద మరమ్మతుల కోసం పక్కన పెట్టిన కార్పస్ ఫండు ఎంతుంది, ఎంతమంది బకాయి ఉన్నారు అని అడగండి. మీటింగుల్లో ఏం మాట్లాడారో, ఏం తేల్చారో రాసిపెట్టే మినిట్స్ పుస్తకం ఉంటే ఒకసారి చూస్తామనండి. మినిట్స్ చదవడం నాకు భలే ఇష్టం. ఒకే లీకు గురించి మీటింగు తర్వాత మీటింగులో చర్చ నడిచిందీ, పని మాత్రం జరగలేదూ అంటే, ఆ బిల్డింగు జబ్బు పైపులో లేదు. మీటింగులే జరగని చోటైతే ఇంకా జాగ్రత్త పడాలి. ఇవేవీ చూపించం అంటే అదీ ఒక జవాబే.

ఇదంతా అతిజాగ్రత్త అనిపిస్తే ఒక సంగతి వినండి. 2021 జూన్ 24న అమెరికాలో ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే 12 అంతస్తుల నివాస భవనంలో పెద్ద భాగం అర్ధరాత్రి దాటాక కూలిపోయింది. 98 మంది చనిపోయారు. 1981లో కట్టిన భవనం అది. ఈతకొలను డెక్కు, అంటే కొలను చుట్టూ ఉండే స్లాబు, దగ్గర వాటర్‌ప్రూఫింగ్ విఫలమైందనీ, కాంక్రీటు దెబ్బతింటోందనీ 2018లోనే ఒక ఇంజనీరు రిపోర్టు ఇచ్చారు. ఖర్చు ఎంత, ఎవరు ఎంత ఇవ్వాలి అన్న దానిమీద యజమానుల మధ్య వాదనలు సాగాయి. యజమానుల సంఘం బోర్డులో చాలామంది రాజీనామా చేశారు. చివరికి అంచనా కోటిన్నర డాలర్లకు చేరింది. డెక్కు డిజైనే మొదటినుంచీ బలహీనంగా ఉందని తర్వాత దర్యాప్తులో బయటపడింది కాబట్టి ఆలస్యం ఒక్కటే కారణమని నేననను. కానీ రిపోర్టు చేతిలో ఉండి కూడా ఒక భవనం ఏళ్ల తరబడి ఒక మాట మీదకు రాలేకపోవడం ఎక్కడైనా జరగొచ్చు. చిన్న స్థాయిలో అది నేను తరచూ చూసేదే. పై అంతస్తువాళ్లకు కారుతుంది, కింది అంతస్తువాళ్లకు కారదు, డబ్బు మాత్రం అందరూ వేయాలి.

విస్తీర్ణం దగ్గర ఇంకో మెలిక ఉంది. అమ్మేవాళ్లు చెప్పే చదరపు అడుగుల్లో గోడలు, లిఫ్టు దారి, మెట్లు, లాబీ వాటా కలిపి ఉండొచ్చు. 1,200 అన్నచోట లోపల మనం నిజంగా నడిచే నేల, అంటే కార్పెట్ ఏరియా, 850 నుంచి 900 మధ్య తేలడం వింతేమీ కాదు. రెండు ఫ్లాట్లను పోల్చేటప్పుడు ధరని కార్పెట్ ఏరియాతో భాగించి చూడండి. చవగ్గా కనబడింది కాస్తా ఖరీదైనది కావచ్చు. బ్రోషరు నమ్మొద్దు. టేపు తీసుకెళ్లి గది గది కొలవండి. మంచం, బీరువా, చదువుకునే బల్ల కొలతలు కూడా కాగితం మీద రాసుకుని వెళ్తే ఇంకా మంచిది. నమూనా ఫ్లాట్లలో కాస్త చిన్న ఫర్నిచరు పెట్టి గదిని పెద్దగా చూపించడం పాత చిట్కానే.

ఏ అంతస్తు అన్నది కూడా చిన్న విషయం కాదు. చివరి అంతస్తులో తలమీద అడుగుల చప్పుడు ఉండదు, గాలి బాగుంటుంది. కానీ ఎండాకాలం స్లాబు పగలంతా వేడిని పీల్చుకుని రాత్రి గదిలోకి వదులుతుంది. పడుకునే వేళకి ఇల్లు సెగలు కక్కుతుంటుంది. టెర్రస్ మీద తెల్లటి రిఫ్లెక్టివ్ పూత వేస్తే బాగా తగ్గుతుంది. అయితే ఆ టెర్రస్ అందరిదీ కాబట్టి పూతకి అందర్నీ అడగాలి. మళ్లీ అదే ప్రశ్న దగ్గరికి వచ్చాం చూడండి.

ఇన్ని చెప్పాను కదా అని ఫ్లాటు వద్దంటున్నాననుకోకండి. తరచూ ఊళ్లు తిరిగేవాళ్లకు, ఒంటరిగా ఉండేవాళ్లకు, మోటారు పాడైతే మనిషిని వెతికి పట్టుకొచ్చే ఓపిక లేనివాళ్లకు ఫ్లాటంత హాయి ఇంకోటి లేదు. తాళం వేసి వెళ్లిపోవచ్చు. పెద్ద ఖర్చులు పంచుకోవచ్చు. నలుగురితో కూర్చుని మాట్లాడటం, ఒప్పించడం, ఒక్కోసారి ఓడిపోయి సర్దుకోవడం మీ స్వభావానికి పడితే చాలు. సంవత్సరానికి ఒక్క మీటింగుకైనా వెళ్లనని ముందే అనుకునేవాళ్లు మాత్రం మరోసారి ఆలోచించాలి.

గోడ పంచుకునే ఇళ్లు

వరస ఇళ్లు, జంట ఇళ్లు, డ్యూప్లెక్సులు మధ్యేమార్గం లాగా కనబడతాయి. విడి ఇంటికి పెట్టేంత డబ్బు లేదు, ఫ్లాటు మీద మనసు లేదు అన్నవాళ్లు వీటివైపు వస్తారు. మంచివే. అయితే చూసేటప్పుడు రెండిళ్లు చూస్తున్నామని గుర్తుంచుకోవాలి, మీదీ పక్కవాళ్లదీ. కలిసిన గోడకి అవతల వాళ్ల స్నానాలగది ఉంటే చెమ్మ మీ హాల్లో తేలుతుంది. వాళ్ల కప్పు, మీ కప్పు కలిసే చోట ఉన్న అతుకు ఎవరి బాధ్యతో కాగితం మీద లేకపోతే వాన పడ్డప్పుడల్లా పేచీ.

గోడ మందం అడగండి. నాలుగున్నర అంగుళాల గోడకీ తొమ్మిదంగుళాల గోడకీ చప్పుడు విషయంలో చాలా తేడా ఉంటుంది. పక్కింట్లో టీవీ పెట్టించి ఇటువైపు నిలబడి వినడం కాస్త మొహమాటంగా ఉంటుంది గానీ, ఆ మొహమాటం ఒక్క పూటే. ఇంకొకటి, రేపు పైన గది వేసుకుందామనుకునేవాళ్లు కొనకముందే పునాదికి ఆ బలం ఉందో లేదో, అనుమతి వస్తుందో రాదో, పక్కవాళ్ల ఒప్పుదల కావాలో అక్కర్లేదో తెలుసుకోవాలి. 'తర్వాత వేసుకోవచ్చు' అన్న అమ్మేవాళ్ల మాటకి విలువ కట్టి ఎక్కువ ధర ఇవ్వకండి.

కాంపౌండు లోపల ఉండే విల్లాల గురించి ఒక్కమాట చాలు. ఇంటి మరమ్మతులన్నీ మీవే, రోడ్లూ పార్కులూ క్లబ్బుహౌసు ఖర్చు అందరిదీ. అంటే విడి ఇంటి ఖర్చు, ఫ్లాటు మెయింటెనెన్స్ రెండూ కలిసి వస్తాయి. భరించగలిగితే సుఖమే.

అన్నీ మీవే అయితే

విడి ఇల్లు కొనేవాళ్ల దగ్గర నేను ఎక్కువగా వినే మాట, "మెయింటెనెన్స్ ఉండదు కదా". ఉంటుంది. వసూలు చేసేవాళ్లు ఉండరు, అంతే. స్థలం విలువ పక్కన పెట్టి, కట్టడం విలువలో ఏడాదికి 1 శాతం మరమ్మతులకు తీసిపెట్టడం చాలాచోట్ల పాటించే మోటు లెక్క. ఒక ఏడు అందులో పావు వంతు కూడా ఖర్చు కాదు. మరో ఏడు ట్యాంకు, మోటారు, కప్పు అన్నీ ఒకేసారి మొరాయిస్తాయి. ఇల్లు పాతదైతే 1 శాతం చాలదు.

ఇక్కడ గోడలు జాగ్రత్తగా చదవాలి. ప్లాస్టరు మీద వెంట్రుకలాంటి పగుళ్లకు భయపడక్కర్లేదు, అవి ఆరేటప్పుడు వచ్చేవే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకిన పగులు, ఇటుకల వరసల వెంట మెట్లు మెట్లుగా దిగిన పగులు, ఒక చివర సన్నగా ఇంకో చివర వెడల్పుగా ఉన్న పగులు, ఇవి నేల కుంగిందని చెప్పొచ్చు. వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటితే స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవకుండా బయానా ఇవ్వకండి. తలుపులు ఒకవైపు పట్టేస్తున్నాయా చూడండి. నేల మీద గోలీ పెట్టి వదలండి, ఎటు పోతుందో తెలుస్తుంది. ఇంటి చుట్టూ ఉన్న నేల వాలు గోడ వైపుకి ఉందా, గోడ నుంచి దూరంగా ఉందా అన్నది కూడా ముఖ్యమే. వాన నీరు పునాది వైపు నడిచే ఇంటికి చెమ్మ వదలదు.

విడి ఇంటికున్న అసలు బలం కింది నేల. కట్టడం ఏటేటా అరుగుతుంది. యూరప్ ప్రమాణాల్లో మామూలు భవనాలకు డిజైన్ ఆయుష్షు 50 ఏళ్లుగా తీసుకుంటారు. అది దాటితే కూలుతుందని కాదు, అంతకాలం పెద్ద మరమ్మతు లేకుండా పనిచేసేలా డిజైన్ చేస్తారని. నేల అలా అరగదు. ముప్ఫై ఏళ్ల తర్వాత పాత విడి ఇంటిని పడగొట్టి కట్టుకోవాలంటే అనుమతులు మీ ఒక్కరి పేరు మీదే. పాత ఫ్లాటు బిల్డింగుని పడగొట్టాలంటే మిగతా యజమానులంతా లేదా చట్టం చెప్పినంతమంది ఒప్పుకోవాలి. అందుకే, ఒకే ధరలో రెండు ఫ్లాట్లు దొరికితే, మిగతావన్నీ సమానమైనప్పుడు, భూమి వాటా ఎక్కువ వచ్చే ఫ్లాటు వైపే నేను మొగ్గుతాను.

స్థలం కొని కట్టుకోవడం గురించి. నేను కట్టించినదాన్ని కాబట్టి దాన్ని తేలిగ్గా తీసిపారేయను. మీకు కావలసినట్టు వస్తుంది, గోడలో ఏముందో మీకు తెలుస్తుంది. కానీ మొదటి ఇంటికే ఈ దారి పట్టాలంటే మూడు ఉండాలి. అంచనా మీద 15 నుంచి 20 శాతం అదనంగా చేతిలో డబ్బు, కట్టినన్నాళ్లూ అద్దె కట్టుకోగల స్తోమత, రోజూ సైటుకి వెళ్లే మనిషి. మూడోది లేని ఇళ్లు నాకు చూడగానే తెలిసిపోతాయి. బాత్‌రూం నేల వాలు నీళ్లు పోయే రంధ్రం వైపు ఉండదు.

కట్టింది, కడుతున్నది, పాతది

ఇది రకం కింద లెక్కకు రాదంటారు గానీ, వస్తుంది. కడుతూ ఉన్నది కొంటే ధర తగ్గొచ్చు, గదులు ఎంచుకోవచ్చు. బదులుగా ఆలస్యాన్ని మీరు మోయాలి. ఇటు అద్దె, అటు అప్పు వాయిదా రెండూ ఎన్ని నెలలు కట్టగలరో ముందు రాసుకోండి. వాళ్లు చెప్పిన తేదీకి ఒక ఏడాది కలిపి లెక్క వేయండి. ఆ లెక్కలో ఊపిరాడకపోతే పూర్తయినదే చూడండి.

పాత ఇల్లంటే చాలామంది మొహం తిప్పేసుకుంటారు. నాకైతే పదేళ్లు దాటిన ఇల్లంటే ఇష్టం. అది దాచగలిగినవన్నీ అప్పటికే బయటపెట్టేసి ఉంటుంది. కారాల్సిన చోట కారి ఉంటుంది, కుంగాల్సిన చోట కుంగి ఉంటుంది, పక్కింటివాళ్లు ఎలాంటివాళ్లో తెలిసిపోయి ఉంటుంది. కొత్త ఇంట్లో ఇవేవీ తెలియవు, రంగు వాసన ఒక్కటే తెలుస్తుంది. పాతదాంట్లో వైరింగు, నీళ్ల పైపులు పూర్తిగా మార్చడానికి డబ్బు తీసిపెట్టుకుని, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించి బేరమాడండి.

అప్పు లెక్క

రకం ఎంచుకోవడంలో అప్పు సంగతి ఎందుకంటారేమో. చాలామంది బ్యాంకు ఎంత ఇస్తానంటే అంత తీసుకుని, ఆ మొత్తానికి సరిపడే పెద్ద రకం ఇంటికి పోతారు కాబట్టి. బ్యాంకు చూసేది మీరు తిరిగి కట్టగలరా అని. కట్టాక మీ దగ్గర ఏం మిగులుతుందన్నది బ్యాంకు తలనొప్పి కాదు.

9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పు తీసుకుంటే మొత్తం మీద అసలుకి 2.16 రెట్లు కడతారు. మొదటి వాయిదాలో 83 శాతం వడ్డీకే పోతుంది. పదేళ్లు క్రమం తప్పకుండా కట్టాక చూసుకుంటే అసలులో 71 శాతం ఇంకా మిగిలే ఉంటుంది. సగం అసలు తీరడానికి సుమారు 14 ఏళ్లు పడుతుంది. అదే అప్పుని 15 ఏళ్లకు తీసుకుంటే కట్టేది 1.83 రెట్లే, నెల వాయిదా మాత్రం 13 శాతం దాకా పెరుగుతుంది. ఆ 13 శాతం మోయగలిగేంత చిన్న ఇల్లు కొనడం, మోయలేనంత పెద్ద ఇల్లు 20 ఏళ్లకు కొనడం, ఈ రెంటిలో నేను మొదటిదానికే ఓటేస్తాను.

ఈ లెక్కకి ఇంకో అర్థం కూడా ఉంది. నాలుగైదేళ్లలో ఊరు మారతామనుకుంటే, అప్పటికి అసలు పెద్దగా తీరదు. పైగా కొన్నప్పుడు రిజిస్ట్రేషను, అమ్మేటప్పుడు దళారీ కమీషను, ఇల్లు మారే ఖర్చు. అలాంటివాళ్లు త్వరగా అమ్ముడుపోయే రకాన్నే ఎంచుకోవాలి, లేదా అద్దెకే ఉండాలి. చాలామంది కొనగలిగే పరిమాణంలో, మామూలు ప్లానుతో ఉన్న ఇల్లు త్వరగా పోతుంది. మీ ఒక్కరి అభిరుచికి తగ్గట్టు తీర్చిదిద్దినది అంత త్వరగా పోదు.

నెలకి ఎంత కట్టగలరో రాసేటప్పుడు వాయిదా ఒక్కటే రాయకండి. ఇంటి పన్ను, బీమా, మెయింటెనెన్స్ లేదా ఆ 1 శాతం, ఆఫీసుకి పోయిరావడానికి పెరిగే ఖర్చు, అన్నీ కలపండి. ఊరి చివర విడి ఇల్లు, ఊరి మధ్య ఫ్లాటు ఒకే ధరకి దొరికినప్పుడు ఈ చివరి అంకె ఫలితాన్ని తారుమారు చేయడం నేను చాలాసార్లు చూశాను. మొత్తం కలిపి ఇంటికొచ్చే ఆదాయంలో మూడో వంతు దాటితే నేను ఒక మెట్టు కిందికి దిగమంటాను.

మెట్లు, మోకాళ్లు, ఆదివారాలు

డ్యూప్లెక్సు చూడగానే అందరికీ నచ్చేది లోపలి మెట్లు. అంతస్తుకు దాదాపు 18 మెట్లు ఉంటాయి. పాకే పిల్లలకు గేటు పెట్టాలి, పెద్దవాళ్లకు రోజూ పరీక్ష. కింద కనీసం ఒక పడకగది, పూర్తి బాత్‌రూం లేని రెండంతస్తుల ఇంటిని తల్లిదండ్రులతో ఉండేవాళ్లు తీసుకోకపోతేనే మేలు. తలుపు తెరుచుకునే ఖాళీ 80 సెంటీమీటర్లకి తగ్గితే చక్రాల కుర్చీ పట్టడం కష్టం. గుమ్మం దగ్గర వాలు వేయించాలంటే ఎత్తుకి 12 రెట్లు పొడవు కావాలి. అరడుగు ఎత్తు గుమ్మానికి ఆరడుగుల వాలు అన్నమాట. ఆ చోటు ఇంటి ముందుందా? ఇప్పుడు అక్కర్లేదనిపిస్తుంది. కాలు విరిగినవాళ్లనడగండి.

సమయం గురించి కూడా నిజాయితీగా ఉండండి. ఒక భార్యాభర్తలు పెరడున్న ఇల్లు చూపించి "ఎలా ఉంది మేడం?" అనడిగితే, "మీ ఆదివారాలు ఎలా గడుస్తాయి?" అనడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయనకి మట్టి పనంటే ఇష్టం, ఆవిడకి ఆదివారం ఇల్లు కదలడమంటే విసుగు. ఆ ఇల్లు వాళ్లకి సరిపోతుందని చెప్పాను, సరిపోయింది కూడా. ఇద్దరూ ఆదివారం బయట తిరగాలనుకునేవాళ్లయితే అదే పెరడు మూడేళ్లలో తుప్పలు పట్టేది.

ఇంత చదివాక కూడా రెండు రకాల మధ్య ఊగుతుంటే ఒక తెల్ల కాగితం తీసుకుని కప్పు, బయటి గోడ, నేల, నీళ్లు, మురుగు, మెట్లు, ఈ ఆరూ రాయండి. ఒక్కోదాని ఎదురుగా 'నేనే', 'పక్కవాళ్లతో', 'అందరితో' అని రాయండి. రెండు రకాలకీ రెండు కాగితాలు. ఇంట్లో ఇద్దరూ విడివిడిగా రాసి, తర్వాత కలిపి చూసుకుంటే ఇంకా మంచిది. ఏ కాగితం చూస్తే గుండె బరువెక్కుతుందో ఆ రకం పక్కన పెట్టేయండి.

అప్పటికీ తేలకపోతే, కొనాలనుకున్న చోటే, కొనాలనుకున్న రకం ఇల్లు అద్దెకి తీసుకుని ఒక వానాకాలం గడపండి. సామాన్లన్నీ విప్పక్కర్లేదు. లిఫ్టు ఆగిన రోజు మీకు ఎంత కోపం వస్తుందో, మీటింగుకి పిలుపొస్తే వెళ్లాలనిపిస్తుందో లేదో, రాత్రి పక్కింటి చప్పుళ్లకు నిద్ర పడుతుందో లేదో చూసుకోండి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరుని, ఇక్కడ గత అయిదేళ్లలో దేనికి ఎంత ఖర్చయిందని అడగండి. మీకు ఆయన అమ్మేదేమీ లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతారు.